న్యూరోట్రాన్స్‌మిటర్లను బట్టీ పట్టకుండా చదవడం ఎలా

నర్సింగ్ విద్యార్థులకు ఫిజియాలజీ చెప్పడం మొదలుపెట్టి 19 ఏళ్ళయింది. మొదటి రెండేళ్ళు నేను ఈ పాఠాన్ని తప్పు పద్ధతిలో చెప్పాను. బోర్డు మీద పెద్ద పట్టిక గీసేదాన్ని. ఎడమ పక్క న్యూరోట్రాన్స్‌మిటర్ (నాడీకణం వదిలే, కబురు మోసే రసాయనం) పేరు, కుడి పక్క అది చేసే పని. అసిటైల్‌కోలిన్ అంటే కండరాల కదలిక, డోపమైన్ అంటే ఆనందం, సెరటోనిన్ అంటే మూడ్, గాబా అంటే ప్రశాంతత. పిల్లలు బుద్ధిగా ఎక్కించుకునేవారు, పరీక్షలో అలాగే దించేవారు.

మూడో ఏడాది వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి అడిగింది. "మేడమ్, అసిటైల్‌కోలిన్ చేతి కండరాన్ని బిగిస్తుందన్నారు. అదే గుండెను నెమ్మది చేస్తుందని కూడా అన్నారు. ఇంతకీ అది పని చేయించేదా, ఆపేదా?"

నా పట్టికలో దానికి జవాబు లేదు. "రెండూ చేస్తుందమ్మా" అని ఆ పూటకు కూర్చోబెట్టాను గానీ, అది జవాబు కాదని ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. సరిగ్గా చెప్పాలంటే పాఠం మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ఇక్కడ రాస్తున్నది ఆ తిరగరాసిన పద్ధతే. నర్సింగ్, ఫార్మసీ, బీఎస్సీ చదివేవాళ్ళకు పనికొస్తుంది. ఇంట్లో ఎవరికైనా పార్కిన్సన్స్‌కో, డిప్రెషన్‌కో, ఫిట్స్‌కో మందులు నడుస్తుంటే వాళ్ళకూ పనికొస్తుంది.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. న్యూరోట్రాన్స్‌మిటర్‌కు సొంతంగా ఏ అర్థమూ లేదు. దాన్ని అందుకునే రిసెప్టర్ (కబురును పట్టుకునే ప్రోటీన్) ఏది, ఆ రిసెప్టర్ ఏ కణంలో ఉంది అన్నదాన్ని బట్టే దాని పని తేలుతుంది. స్విచ్ నొక్కే వేలు ఒకటే. ఒక గదిలో ఫ్యాన్ తిరుగుతుంది, ఇంకో గదిలో లైటు ఆరిపోతుంది. తేడా వేలిలో లేదు, గోడ వెనక వైరింగులో ఉంది. తాళం, తాళంచెవి పోలిక అందరూ చెబుతారు, నేను మాత్రం మానేశాను. ఏ అణువు ఏ రిసెప్టర్‌లో ఇముడుతుందో చెప్పడానికి అది సరిపోతుంది గానీ, ఇమిడాక ఏమవుతుందో చెప్పదు. మనకు కావలసింది ఆ రెండోదే.

బొమ్మతో మొదలుపెట్టండి

ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకోండి. పైన ఒక నాడీకణం కొస, కింద ఇంకో కణం పొర. మధ్యలో సన్నని ఖాళీ వదలండి. మెదడులో ఆ ఖాళీ సుమారు 20 నానోమీటర్లు. వెంట్రుక మందం దానికి కొన్ని వేల రెట్లు ఉంటుంది. ఇంత దగ్గరగా ఉండీ ఆ రెండు కణాలూ తాకవు. కొన్ని చోట్ల కణం నుంచి కణానికి నేరుగా విద్యుత్తు పాకే దారులు ఉన్నాయి కానీ, ఎక్కువ చోట్ల కబురు ఆ ఖాళీని రసాయనం రూపంలోనే దాటాలి.

పై కణం కొసలో చిన్న తిత్తులు గీయండి. వీటినే వెసికిల్స్ అంటారు. ఒక్కో తిత్తిలో కొన్ని వేల అణువులు నిండి ఉంటాయి. ఇప్పుడు ఆ కొస పక్కన క్యాల్షియం ఛానల్ (పొరలో క్యాల్షియం వెళ్ళే దారి) ఒకటి గీసి, దాని మీద ఎర్ర పెన్నుతో బాణం వేయండి. చాలామంది పిల్లలు ఈ బాణం మరిచిపోతారు. అసలు మీట అదే. కణం బయట క్యాల్షియం లోపలికంటే దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. నాడీ సంకేతం కొసకు చేరగానే ఆ ఛానళ్ళు తెరుచుకుని క్యాల్షియం లోపలికి దూసుకొస్తుంది. సినాప్టోట్యాగ్మిన్ అనే ప్రోటీన్ దాన్ని పసిగడుతుంది. తిత్తిని పొరకు లాగి పట్టుకుని ఉన్న స్నేర్ ప్రోటీన్లు పని పూర్తిచేస్తాయి, తిత్తి పొరతో కలిసిపోతుంది, లోపలి సరుకు ఖాళీలోకి ఒలుకుతుంది. ఇదంతా ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఈ యంత్రాంగాన్ని విప్పిచెప్పినందుకే 2013లో రాత్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్‌లకు నోబెల్ వచ్చింది.

సరుకు తిత్తుల లెక్కనే విడుదలవుతుందని 1950లలో బెర్నార్డ్ కాట్జ్ బృందం కప్ప కండరం మీద చూపించింది. నాడిని కదిలించకపోయినా కండరంలో అప్పుడప్పుడు బుల్లి సంకేతాలు కనిపించేవి. ఒక్కో తిత్తి తనంతట తాను ఒలికినప్పుడు వచ్చేవవి. నాడిని ప్రేరేపించినప్పుడు వచ్చే పెద్ద సంకేతం ఆ బుల్లి సంకేతానికి రెట్లుగా ఉండేది. అర తిత్తి, పావు తిత్తి అనేవి లేవు. నాకు ఈ ప్రయోగం అంటే ఎంతో ఇష్టం. తిత్తిని కళ్ళతో చూడకుండానే, ఉత్త లెక్కతో దాని ఉనికిని పట్టుకున్నారు.

కింది పొర మీద రిసెప్టర్లు గీయండి. అక్కడితో ఆపకుండా పై కణం కొస మీద కూడా ఒకటి గీయండి. తాను వదిలిన సరుకును తానే పసిగట్టి "ఇక చాలు" అని తగ్గించుకునే రిసెప్టర్లు అక్కడ ఉంటాయి. నార్ఎడ్రినలిన్ అనే న్యూరోట్రాన్స్‌మిటర్ విషయంలో ఆల్ఫా2 రిసెప్టర్ చేసే పని అదే. ఈ ఒక్కటీ గీయనివాళ్ళకు కొన్ని మందులు ఎప్పటికీ అర్థం కావు.

ఐదు వేళ్ళ లెక్క

ఏ అణువు పాఠం తీసినా ఐదు సంగతులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. దేని నుంచి తయారవుతుంది, ఎలా విడుదలవుతుంది, ఏ రిసెప్టర్ అందుకుంటుంది, అందుకున్నాక కణం లోపల ఏం మారుతుంది, చివరికి ఖాళీలోంచి ఎలా తొలగిపోతుంది. ప్రతి వేలికీ ఒక మందో విషమో జత కట్టండి. జత కుదిరిందంటే ఆ మెట్టు మీకు అర్థమైనట్టు.

అసిటైల్‌కోలిన్‌ను తీరిగ్గా, పూర్తిగా చేయండి. ఒకదాన్ని లోతుగా చేస్తే మిగతావి సగం కష్టానికే వస్తాయి.

1905లో జాన్ లాంగ్లీ నికోటిన్‌తోనూ, కండరాలను చచ్చుబరిచే క్యూరేర్ అనే విషంతోనూ కండరం మీద ప్రయోగాలు చేసి, వాటిని అందుకునే పదార్థం ఏదో కండరంలోనే ఉండాలని తేల్చాడు. రిసెప్టర్ అనే ఆలోచనకు పునాదుల్లో అది ఒకటి. 1921లో ఆటో లోవి రెండు కప్ప గుండెలను ఉప్పునీటి ద్రావణంలో కొట్టుకుంటూ ఉంచాడు. మొదటి గుండెకు వెళ్ళే వేగస్ నాడిని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి రెండో గుండెకు చేర్చాడు. నాడిని ముట్టుకోకపోయినా రెండో గుండె కూడా నెమ్మదించింది. అంటే కబురు ద్రావణంలో ఉంది. ఆ కబురు అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో లోవికీ హెన్రీ డేల్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు వేళ్ళు. కోలిన్‌కు ఎసిటైల్ ముక్క తగిలించి నాడీకణమే దీన్ని తయారు చేసుకుంటుంది. విడుదల మనం గీసిన బొమ్మ ప్రకారమే. బోట్యులినమ్ విషం స్నేర్ ప్రోటీన్లను కోసేసి సరిగ్గా ఈ మెట్టు దగ్గర దెబ్బతీస్తుంది. తిత్తులు నిండుగానే ఉంటాయి, ఒలకవు. కండరం చచ్చుబడుతుంది.

మూడో వేలు, నాలుగో వేలు కలిపి చూడండి. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. చేతి కండరంలో ఉన్నది నికోటినిక్ రిసెప్టర్. ఐదు ముక్కలు గుండ్రంగా పేర్చినట్టు ఉంటుంది, మధ్యలో దారి. రెండు అసిటైల్‌కోలిన్ అణువులు అతుక్కోగానే దారి తెరుచుకుని సోడియం లోపలికి పోతుంది, కండరం బిగుస్తుంది. గుండెను నడిపించే కణాల్లో ఉన్నది మస్కరినిక్ రిసెప్టర్, ఎం2 రకం. దానికి సొంత దారి లేదు. అది లోపల కబురు అందించే జీ ప్రోటీన్‌ను తట్టిలేపుతుంది, ఆ ప్రోటీన్ ముక్క వెళ్ళి పొటాషియం ఛానల్‌ను తెరుస్తుంది, పొటాషియం బయటికి పోతుంది, కణం మందగిస్తుంది. అణువు ఒకటే. ఒకచోట సోడియం లోపలికి, ఒకచోట పొటాషియం బయటికి. పని చేయించేదా, ఆపేదా అని అణువును అడిగితే లాభం లేదు, రిసెప్టర్‌ను అడగాలి.

ఐదో వేలు తొలగింపు. అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఖాళీలోనే దాన్ని ముక్కలు చేస్తుంది. కోలిన్‌ను కణం మళ్ళీ లోపలికి తీసుకుంటుంది.

ఈ ఐదో వేలు దగ్గర కాసేపు ఆగండి. పురుగుమందులు తాగి వచ్చే రోగులను వార్డులో చూస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ ఈ ఎంజైమ్‌ను పట్టేస్తుంది. అసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. కనుపాపలు సూదిమొనల్లా అవుతాయి, నోట్లో లాలాజలం, ఒళ్ళంతా చెమట, ఊపిరితిత్తుల్లో నీరులాంటి స్రావాలు, గుండె నెమ్మది. ఇవన్నీ మస్కరినిక్ పేజీ. మరోపక్క కండరాలు అదిరిపడతాయి, తర్వాత నీరసించిపోతాయి. ఇది నికోటినిక్ పేజీ. అట్రోపిన్ ఇస్తే మొదటి పేజీ లక్షణాలు తగ్గుతాయి. రెండోవి తగ్గవు, ఎందుకంటే అట్రోపిన్ కూర్చునేది మస్కరినిక్ రిసెప్టర్ల మీద మాత్రమే. స్రావాలు ఆరిపోయి రోగి తేరుకున్నట్టు కనిపించినా, ఊపిరి తీసే కండరాలు బలహీనంగానే ఉండొచ్చు. అందుకే ఆ రోగి శ్వాసను కనిపెట్టుకుని ఉండాలి. "అట్రోపిన్ ఇచ్చాం కదా" అని పక్కకు వెళ్ళకూడదు. పుస్తకంలోని రెండు రిసెప్టర్ల పేర్లు ఇక్కడ ఒక మనిషి ప్రాణం.

అదే ఎంజైమ్‌ను కొద్దికొద్దిగా, కొలతతో అడ్డుకుంటే మందు. మయస్థీనియా గ్రావిస్‌లో శరీరం తన నికోటినిక్ రిసెప్టర్ల మీదే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. రెప్పలు వాలిపోతాయి, సాయంత్రానికి నమలడం కూడా కష్టమవుతుంది. ఉన్న కొద్ది రిసెప్టర్లకూ అసిటైల్‌కోలిన్ ఇంకాసేపు అందుబాటులో ఉండేలా పైరిడోస్టిగ్మిన్ ఇస్తారు. అదీ ఐదో వేలే.

ఈ చిన్న జాబితాను మాత్రం బట్టీ పట్టండి

రిసెప్టర్లలో ప్రధానంగా రెండు జాతులు. ఒకటి స్వయంగా ఛానల్. అణువు తగలగానే తెరుచుకుంటుంది, మిల్లీసెకన్లలో పని అయిపోతుంది. రెండోది జీ ప్రోటీన్ ద్వారా పనిచేసేది. కబురు చేతులు మారుతుంది కాబట్టి నెమ్మది, కానీ ప్రభావం సెకన్లు, నిమిషాలు కూడా నిలుస్తుంది.

ఏది ఏ జాతి అని వందల పేర్లు గుర్తుపెట్టుకోనక్కరలేదు. ఛానల్ జాతి వరకు చాలు. నికోటినిక్, గ్లూటమేట్‌కు ఏఎంపీఏ, కైనేట్, ఎన్ఎండీఏ, ఇంకా గాబా-ఎ, గ్లైసిన్, సెరటోనిన్‌కు 5-హెచ్‌టీ3. ఏటీపీకి పీ2ఎక్స్ ఉంది, అది పై తరగతుల్లో చూసుకోవచ్చు. మీ సిలబస్‌లో ఇవి కాక కనిపించేవి దాదాపు అన్నీ జీ ప్రోటీన్ జాతే. మస్కరినిక్, నార్ఎడ్రినలిన్‌ను అందుకునే ఆల్ఫా, బీటా, డోపమైన్ రిసెప్టర్లు అన్నీ, సెరటోనిన్‌లో మిగిలినవి, గాబా-బి, ఓపియాయిడ్, హిస్టమిన్. జీ ప్రోటీన్లలో జీఎస్ సైక్లిక్ ఏఎంపీని (కణం లోపల కబురు మోసే అణువు) పెంచుతుంది, జీఐ తగ్గిస్తుంది, జీక్యూ కణం లోపలి క్యాల్షియంను పెంచుతుంది. బీటా అంటే జీఎస్, ఆల్ఫా2 అంటే జీఐ, ఆల్ఫా1 అంటే జీక్యూ. ఇంతవరకు చాలు.

నైట్రిక్ ఆక్సైడ్ ఈ బొమ్మలో ఇమడదు. అది వాయువు. తిత్తుల్లో నిల్వ ఉండదు, పొర మీద రిసెప్టర్ అక్కరలేదు, నేరుగా పొర దాటి లోపలికి వెళ్ళిపోతుంది. దానికి వేరే కాగితం పెట్టుకోండి.

గ్లూటమేట్, గాబా

మెదడులో ఎక్కువ సంభాషణ ఈ రెండింటితోనే నడుస్తుంది. పిల్లలేమో వీటిని రెండు లైన్లలో ముగించి డోపమైన్ దగ్గరికి పరిగెత్తుతారు. అలా చేయకండి.

గ్లూటమేట్ పేజీలో ఎన్ఎండీఏ రిసెప్టర్‌ను పెద్దగా గీయండి. దాని దారిలో మెగ్నీషియం అయాన్ బిరడాలా కూర్చుని ఉంటుంది. గ్లూటమేట్ వచ్చి తగిలినా, తోడుగా గ్లైసిన్ లేదా డి-సెరిన్ వచ్చినా బిరడా కదలదు. కింది కణం అప్పటికే ఉత్తేజితమై ఉంటేనే మెగ్నీషియం పక్కకు జరుగుతుంది, క్యాల్షియం లోపలికి వస్తుంది. అంటే పై కణం పలకాలి, అదే క్షణంలో కింది కణం మేలుకుని ఉండాలి. రెండూ కలిసినప్పుడే తెరుచుకునే తలుపు ఇది. అలా లోపలికి వచ్చిన క్యాల్షియం ఆ చోట మరిన్ని ఏఎంపీఏ రిసెప్టర్లను చేర్పిస్తుంది, ఆ జంట మధ్య సంభాషణ బలపడుతుంది. 1973లో బ్లిస్, లోమో కుందేలు మెదడులో జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఇలాంటి బలపడడం గంటల తరబడి నిలవడాన్ని వివరంగా ప్రచురించారు. నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం గురించి ఇవాళ చెప్పుకునే చాలా సంగతులకు మూలం ఇదే. ఈ పాఠం చదువుతున్న క్షణంలో మీ తలలో జరుగుతున్నదీ ఇలాంటిదే అని క్లాసులో చెప్పినప్పుడు గది మొత్తం ఒక్క క్షణం నిశ్శబ్దమైపోతుంది. ప్రతి ఏడూ ఆ క్షణం కోసం ఎదురుచూస్తాను.

గ్లూటమేట్‌ను ఖాళీలో ముక్కలు చేసే ఎంజైమ్ లేదు. పక్కనున్న ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు లోపలికి లాక్కుని, గ్లూటమిన్‌గా మార్చి నాడీకణానికి తిరిగి ఇస్తాయి. అది ఐదో వేలు.

గాబా తయారయ్యేది ఆ గ్లూటమేట్ నుంచే. ఒకే ఒక్క మెట్టు, దానికి విటమిన్ బి6 కావాలి. క్షయకు ఇచ్చే ఐసోనియజిడ్ మోతాదు మించిపోతే బి6 పని దెబ్బతిని గాబా తగ్గి ఫిట్స్ వస్తాయి. విరుగుడుగా బి6నే ఇస్తారు. తయారీ వేలుకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

గాబా-ఎ ఛానల్ తెరుచుకుంటే క్లోరైడ్ లోపలికి వచ్చి కణం శాంతిస్తుంది. డయాజిపామ్ జాతి మందులు గాబా ఉన్నప్పుడే ఆ ఛానల్ మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. అయితే ఎదిగే దశలో ఉన్న నాడీకణాల్లో క్లోరైడ్ లోపలే ఎక్కువగా ఉంటుంది. అక్కడ అదే ఛానల్ తెరుచుకుంటే క్లోరైడ్ బయటికి పోయి, గాబా ఉత్తేజపరచే వైపు పనిచేయగలదు. గాబా అంటే ప్రశాంతత అని నేను రాయించిన పట్టిక ఇక్కడా నిలవలేదు.

డోపమైన్, మా నాన్నగారు

మా నాన్నగారికి పార్కిన్సన్స్. మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమైన్ తయారుచేసే కణాలు క్రమంగా చనిపోతాయి. డోపమైన్‌ను మాత్రగా ఇస్తే రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. అందుకని దాని ముందు రూపమైన లెవోడోపా ఇస్తారు, బయటే ఖర్చయిపోకుండా కార్బిడోపా తోడు పెడతారు.

ఒకసారి ఆయనకు వాంతులు పట్టుకున్నాయి. నేను ఊళ్ళో లేను. ఒక క్లినిక్‌లో వాంతులకు మాత్ర రాసిచ్చారు. రెండు రోజుల్లో ఆయన కుర్చీలోంచి లేవలేని స్థితికి వచ్చారు. చేతులు బిగుసుకుపోయాయి, మాట సన్నబడిపోయింది. జబ్బు ముదిరిందనుకుని ఇంట్లో అందరం టెన్షన్ పడ్డాం. నేను వచ్చి మాత్ర అట్ట తిప్పి చూస్తే మెటోక్లోప్రమైడ్. అది వాంతులు తగ్గించేది ప్రధానంగా డి2 అనే డోపమైన్ రిసెప్టర్‌ను మూయడం ద్వారానే. మెదడులోకి దాటగలదు కూడా. డోపమైన్ కరువుతో ఉన్న మెదడులో మిగిలిన రిసెప్టర్లనూ మూసేసిందన్నమాట. వెంటనే ఆయన న్యూరాలజిస్టుకు ఫోన్ చేశాను, మందు మార్చారు. కొన్ని రోజుల్లో నాన్నగారు మళ్ళీ తన చేత్తో గ్లాసు పట్టుకున్నారు.

అప్పటి నుంచి డోపమైన్ పేజీలో నాలుగు చోట్లు గీయిస్తున్నాను. కదలికను నడిపే చోటు. కోరికను, ప్రయత్నాన్ని నడిపే చోటు. వాంతిని ప్రేరేపించే చోటు, ఇది మెదడు రక్షణ గోడకు బయట ఉంటుంది. చివరగా పిట్యూటరీ గ్రంథి, ఇక్కడ డోపమైన్ ప్రొలాక్టిన్‌ను (పాలు పట్టించే హార్మోన్) అణిచిపెడుతుంది. నాలుగు చోట్లా డి2 ఉంది. డి2ను మూసే మందు ఇస్తే ఏ చోటు మూతపడుతుందో అడగండి. డోంపెరిడోన్ మెదడులోకి చాలా తక్కువగా దాటుతుంది కాబట్టి కదలికను అంతగా చెడగొట్టదు. మానసిక వ్యాధులకు ఇచ్చే పాత తరం మందుల్లో శరీరం బిగుసుకోవడం, స్త్రీలకు రొమ్ముల్లో పాలు రావడం ఎందుకో ఈ ఒక్క పేజీ చెప్పేస్తుంది. ఇంట్లో పార్కిన్సన్స్ రోగి ఉంటే, ఏ డాక్టరు ఏ కొత్త మందు రాసినా ముందు ఆ సంగతి చెప్పండి. మందు మార్చడం, ఆపడం మాత్రం డాక్టరు చేతిలోనే ఉండాలి. లెవోడోపాను ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం.

సెరటోనిన్

శరీరంలోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. కీమోథెరపీ సమయంలో వాంతులకు ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ 5-హెచ్‌టీ3ని మూస్తుంది. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ మందులు ఐదో వేలు మీద, అంటే సెరటోనిన్‌ను కణం తిరిగి లాక్కునే పంపు మీద పనిచేస్తాయి. ఆ పంపు కొన్ని గంటల్లోనే మూతపడుతుంది. మనిషికి ఊరట మాత్రం వారాలు పడుతుంది. ఈ తేడాను విద్యార్థులు గమనించాలి. సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్ అన్న లెక్క నిజమైతే మందు వేసుకున్న సాయంత్రానికే తగ్గిపోవాలి కదా. మధ్యలో రిసెప్టర్లు సర్దుకోవడం, కణాల మధ్య సంబంధాలు మారడం వంటివి జరుగుతాయి. రోగికీ ఇంట్లోవాళ్ళకూ ఈ సంగతి ముందే చెప్పండి. వారం రోజులకే "పనిచేయలేదు" అని మానేసేవాళ్ళను చాలామందిని చూశాను.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడం

పుస్తకం మూసేయండి. ఏదైనా మందు పెట్టెలో ఉండే కాగితం తీసుకుని, దుష్ప్రభావాల జాబితా చదివి, ఒక్కోదానికి రిసెప్టర్ పేరు రాయండి. అమిట్రిప్టిలిన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే అది చాలా తలుపులు తడుతుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం ఆగడం. మస్కరినిక్ మూతపడింది. మగత. హిస్టమిన్ హెచ్1. లేచి నిలబడగానే కళ్ళు తిరగడం. ఆల్ఫా1. అసలు ప్రయోజనం వచ్చేది నార్ఎడ్రినలిన్, సెరటోనిన్ పంపుల నుంచి. ఇది మీ చేత్తో రాయగలిగితే ఇంకో రెండు మందులు చేయండి, ఆస్తమాకు ఇచ్చే సాల్బుటమాల్ ఒకటి, బీటా రిసెప్టర్లను మూసే ప్రొప్రనొలాల్ ఒకటి. ఆస్తమా ఉన్నవాళ్ళకు ప్రొప్రనొలాల్ ఎందుకు ఇవ్వకూడదో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినప్పుడు మీకే కనిపిస్తుంది. కనిపించకపోతే బీటా1 ఎక్కడ ఉంది, బీటా2 ఎక్కడ ఉంది అని మళ్ళీ బొమ్మ దగ్గరికి వెళ్ళండి.